దస్తగిరి కట్టిన పట్టుదారాలు

ఈ రోజు మధ్యాహ్నం హిందూపురంలో పాసింజరు ఎక్కి పెనుకొండకు పోయాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నాకు అక్కడ ఒకటే పని. తోటమాలి దస్తగిరి పుట్టించిన పసుపుపచ్చ మెట్టతామరకు తల్లి ఏ రకమో, తండ్రి ఏ రకమో రాసుకురావాలి. అది లేనిదే కొత్త రకానికి దస్తగిరి పేరు పెట్టడం కుదరదని బెంగుళూరు పూల ప్రదర్శనవాళ్ళు నిన్న ట్రంకాల్ చేసి చెప్పారు. ఒక్క మచ్చ కూడా లేని అలాంటి పసుపు నేనింకెక్కడా చూడలేదు.

దస్తగిరికి చదువు రాదు. ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టుదారాలు తెచ్చి, ప్రతి మొక్క కాడకూ రెండు కట్టేవాడు. ఒక రంగు తల్లికి, ఇంకో రంగు తండ్రికి. ఏ రంగు ఏ రకానిదో నాకు చెప్పాడు కూడా. దారాలు ఎక్కడికి పోతాయిలే అని రాసుకోవడం నేనే వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన నెల ఆయన జబ్బుచేసి చనిపోయాడు.

వెళ్ళి చూస్తే పూలున్నాయి, దారాలు లేవు.

"నేనే విప్పేస్తి సార్," అంది ఆయన భార్య. "జబ్బు నయం కావల్లని దర్గాలో కట్టినట్టు ఈడ కట్టినాడనుకుంటి. మనిషే పాయె, ఇంగ దారాలెందుకని చెరువులో ఇడిసి వస్తి. ఏమన్నా తప్పు చేసినానా?"

"లేదమ్మా," అన్నాను.

ఇంటికొచ్చి ప్రదర్శనవాళ్ళ ఫారంలో తల్లి, తండ్రి అన్న రెండు చోట్లా 'తెలియదు' అని రాశాను. తప్పు ఆమెదంటారా, నాదంటారా? నాకు చెప్పండి, వింటాను. పెనుకొండకు పోయి మాత్రం చెప్పకండి.