పక్కనే టాన్సిల్ ముక్క

ల్యాబులో అందరూ ఆమెను చాదస్తం మేడమ్ అనేవారు. మొహం మీద కాదులెండి, ఆమె టీకి వెళ్ళాక. కంటి ఆసుపత్రిలో కోసిన ముక్కలను మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా తరిగి, గాజు పలకల మీద రంగు వేయడం ఆమె పని. ప్రతి పలక మీదా రోగి ముక్క పక్కనే ఎవరిదో పాత టాన్సిల్ ముక్క కూడా పెట్టేది. టాన్సిల్‌లో కణాలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి కనుక, రంగు సరిగ్గా పనిచేస్తే అక్కడ గోధుమరంగు చుక్కలు పడి తీరాలి. అవి కనిపించాకే రోగి ముక్క వైపు కన్నెత్తేది.

ఆ రోజు మాత్రం ఆగలేకపోయింది. ఆ ముక్క సొంత మరిదిది. అతను బస్సు డ్రైవరు. నల్లగుడ్డు అంచున తెల్లటి కండ పెరిగితే, డాక్టరమ్మ కాస్త కోసి పంపింది. అది ఉత్త కండో, క్యాన్సరో మామూలు పరీక్షలో తేలలేదు. పెరిగే కణాల్లో మాత్రమే ఉండే ప్రోటీన్ ఒకటుంది. ఈ రంగు దాన్ని పట్టుకుంటుంది. చుక్కలు అడుగు వరసలో ఆగితే భయం లేదు, పైపొర దాకా ఎగబాకితేనే ముప్పు.

మైక్రోస్కోపులో అంతా నేపథ్యంగా వేసే నీలం రంగే. ఒక్క చుక్క లేదు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది, నవ్వేసింది. మంచి కండకైనా అడుగున నాలుగు చుక్కలుండాలి కదా అని కూడా తోచలేదు. అయినవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎంతటి చాదస్తమైనా అటకెక్కుతుంది.

తర్వాత టాన్సిల్ వైపు జరిపింది. అదీ నీలమే.

రంగు పట్టనే లేదు. రంగు పట్టడానికి పలకలను ముందు వేడినీళ్ళలో ఉంచాల్సినంత సేపు ఉంచకుండా, ఆత్రం కొద్దీ తానే ముందుగా తీసేసింది. నిదానమే ప్రధానం అని ఊరందరికీ చెప్పే మనిషి!

మైనంలో ముక్క దాదాపు అయిపోయింది. ఈసారి పొర చిరిగితే మళ్ళీ కంటి మీద కత్తి పెట్టాల్సిందే. ఊపిరి బిగబట్టి తరిగింది. మొదటి పొర ముడుచుకుపోయింది. రెండోది నీళ్ళ మీద తిన్నగా పరుచుకుంది. ఈసారి వేడినీళ్ళ దగ్గరి నుంచి కదల్లేదు.

ముందు టాన్సిల్ చూసింది. నిండా చుక్కలు. మరిది ముక్కలోనూ అంతే, అడుగు నుంచి పైపొర దాకా.

డాక్టరమ్మ ఆ పలకను మైక్రోస్కోపులో చూసింది. "క్యాన్సరే. లోపలికి దిగినట్టు లేదు. వెంటనే చుట్టూ ఇంకాస్త తీసేస్తే కన్ను దక్కుతుంది. ఆలస్యం చేస్తే నేను చెప్పలేను."

ఆమె వరండాలోకి వచ్చింది. తోడికోడలు బెంచీ మీంచి లేచింది. మొహం వెలిగిపోతోంది.

"ఆయనకి ఫోన్ చేసి చెప్పేశానక్కా. ఇందాక నువ్వు నవ్వడం ల్యాబు తలుపు అద్దంలోంచి చూశాగా. డ్యూటీలో చేరతానని అప్పుడే వెళ్ళిపోయారు."

ఆమె తోడికోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుని మరిదికి కలిపింది.

"వదినా, బస్సు ఇచ్చేశారు. సీట్లో కూర్చున్నా," అన్నాడు మరిది. గొంతులో పండగ.

"నేను తొందరపడి నవ్వాను. రంగు పట్టలేదు, మళ్ళీ వేశాను."

అవతల ఇంజను ఆగిపోయింది.

"కన్ను పోతుందా వదినా?"

"ఇప్పుడే వస్తే పోదు. బస్సు దిగు నాయనా."