పేరు పక్కన గారు

2008. తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర నాకు డీటీపీ సెంటరు ఉండేది. డీటీపీ అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చి ప్రింటింగుకు పంపడం. మావాళ్లందరివీ ఉల్లిపాయల కొట్లు. బస్తా విప్పకముందే బేరం మొదలుపెట్టే ఇంట్లో పుట్టి, నేను అక్షరాలు అమ్ముకునే కొట్టు పెట్టాను. నాకు తిండి పెట్టినవి శుభలేఖలు. ఆ ఏడాది ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని, "మీ పేరు ప్రపంచానికి తెలియజేస్తాం" అని బోర్డు రాయించాను. ప్రపంచం మాట దేవుడెరుగు, పక్కనున్న పెంటపాడు నుంచి కూడా ఎవరూ రాలేదు.

మొదట వచ్చింది రత్నరాజు గారు. యాభై దాటిన మనిషి. ఏలూరులో ఒక ల్యాబులో చేపల మొప్పలు మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బు చెప్పేవారు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక ఆ ల్యాబు మూతపడింది. ఉండి అనే ఊరి దగ్గర కొందరు చేపల రైతులు కలిసి, ఏడాది పొడవునా తమ చెరువులు చూసే మనిషిని పెట్టుకుందామనుకుంటున్నారు. ఈయనకు డిగ్రీ లేదు. ఇన్నాళ్లూ చెప్పుకున్న ల్యాబు పేరూ పోయింది. ఆ పని రాకపోతే ఇల్లు గడవదు. "నాకు తెలిసింది నలుగురికీ తెలియాలండి, అంతే" అన్నారు.

పెద్ద వెబ్‌సైటు అంటగట్టబోయాను. ఆయన వినలేదు. చివరికి బేరం బ్లాగు దగ్గర తెగింది. బ్లాగంటే ఇంటర్నెట్లో ఎవరైనా ఊరికే రాసుకోగల పత్రిక లాంటిది. చదివినవాళ్లు కింద కామెంటు, అంటే తమ మాట, రాయొచ్చు. ఊరికే దొరికేదాన్ని అమ్మినందుకు ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ప్రతి సోమవారం ఆయన తెల్ల కాగితాల మీద రాసి తెచ్చేవారు. నీళ్లు మరీ పచ్చబడితే ఏం చేయాలి, మేత ఎప్పుడు తగ్గించాలి, మొప్పలు ఏ రంగులోకి మారితే భయపడాలి. నేను టైపు చేసి పెట్టేవాణ్ణి. ఉండి రైతుల పెద్దకు ఒక మేనల్లుడు హైదరాబాదులో ఉన్నాడు. అతను అవన్నీ చదివి మామయ్యకు ఫోన్లో వినిపించేవాడట. రెండు నెలలయ్యేసరికి పని దాదాపు ఖాయమైంది.

అప్పుడొచ్చింది ఆ కామెంటు: "తన పేరుకు తనే గారు తగిలించుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నా." దాని కింద ఇంకొకటి: "నిన్నటిదాకా ల్యాబులో సీసాలు కడిగినవాడు ఇవాళ గారు అయిపోయాడు." మూడు రోజుల్లో చేపల సంగతి అందరూ మరిచిపోయారు.

చూస్తే నిజమే. పైన పెద్దక్షరాల్లో "రత్నరాజు గారు". ప్రతి వ్యాసం కిందా "రచన: రత్నరాజు గారు". శుభలేఖలో గారు లేకుండా ఒక్క పేరు పడినా పెళ్లివారు కార్డులన్నీ వెనక్కి తెచ్చి బల్ల మీద పడేస్తారు. అలా మాటలు పడీ పడీ అలవాటైన నా వేళ్లు, పేరు కనబడగానే గారు కొట్టేశాయి. ఆయనకు కంప్యూటర్ తెలియదు. కాగితాలిచ్చి బస్సెక్కేవారు.

రైతుల పెద్ద ఆయనకు ఫోన్ చేసి, ఇంత గీర ఉన్న మనిషి మా బురదలో దిగుతారా అని అడిగారట. ఆదివారం అందరం కూర్చుని తేల్చుకుంటాం అన్నారట. మర్నాడే రత్నరాజు గారు వచ్చి కామెంట్లన్నీ నా చేత చదివించుకున్నారు. సీసాల మాట దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నాలోని కొట్టు బుద్ధి నిద్రలేచింది. "కామెంట్లు తీసేస్తానండి, గారు కూడా తీసేస్తాను. నాలుగు రోజులకి ఎవరికీ గుర్తుండదు" అన్నాను.

"తీసేస్తే నేనే పెట్టుకున్నట్టు అవుద్ది కదండీ."

"పోనీ, కంప్యూటర్ పొరపాటని రాద్దామా?"

"కంప్యూటర్‌కి అంత మర్యాద ఎక్కడిదండీ" అన్నారు, నవ్వకుండానే. "కొట్టిందెవరో వాళ్లే చెప్పాలండి."

నా పేరు లేకుండా, ఆపరేటర్ అని రాస్తానన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. ఎంత అరిచే గిరాకీనైనా లొంగదీయగలను గానీ, ఊరుకుని కూర్చున్నవాళ్లతో బేరం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నా పేరూ కొట్టు పేరూ వేసి రాశాను: "ఈ గారు నేను కొట్టింది. శుభలేఖలు కొట్టే చెయ్యి. ఆయన కాగితం కింద ఇస్తున్నాను, చూడండి." ఆయన చేతిరాత కాగితాన్ని స్కాన్ చేసి పెట్టాను. చివర చిన్న అక్షరాల్లో "ఇట్లు, రత్నరాజు" అని మాత్రమే ఉంది.

ఆదివారం దాకా నాకు అన్నం సయించలేదు. ఒక మనిషి నోటికాడ కూడు నా రెండక్షరాలు తీసేస్తాయేమోనని భయం. ఈలోగా తిట్లు నా మీదికి మళ్లాయి. "మా చెల్లి కార్డు మాత్రం మీ దగ్గర కొట్టించం బాబూ" అని ఒకాయన రాశాడు. అంత హాయైన తిట్టు నేను ఎన్నడూ తినలేదు. దాని కింద ఎవరో ఒక రైతు: "రత్నరాజు గారూ, తెల్లారేసరికి మా చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండి. ఏం చేయమంటారు?"

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. "ఏవండీ, రేపు ఉండి ఊరెళ్తున్నానండి, చెరువులు చూడ్డానికి. కాగితాలు మంగళవారం తెస్తాను" అన్నారు. ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆ తర్వాత ప్లీడర్లకీ మాస్టార్లకీ విత్తనాల వ్యాపారులకీ చాలా ప్రొఫైళ్లు తయారుచేశాను. ప్రొఫైలంటే ఇంటర్నెట్లో మనిషిని పరిచయం చేసే పేజీ. పేరుకు ముందో వెనకో ఏదో ఒకటి తగిలించమని అందరూ అడుగుతారు. నేను పేరు వరకే కొడతాను. మిగతాది చదివినవాళ్లు కొడతారండి, దానికి చార్జీ కూడా లేదు అంటాను. చార్జీ లేదనేసరికి చాలామంది నమ్మరు.