మణికట్టుకు కట్టిన కాపలా

మా ఇంట్లో నా గుండె సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. మా అబ్బాయి చిత్తూరులో కూర్చుని చూస్తాడు. మా ఆయన తిరుపతిలో, నాకు నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని, నన్ను చూడకుండా ఫోన్‌లో చూస్తాడు. అంతా నా చేతికి కట్టిన ఆ నల్ల వాచీ పుణ్యం. దాన్ని స్మార్ట్ వాచీ అంటారు. తెలివంతా దానికే ఉన్నట్టూ, కట్టుకున్న మనిషికి ఏమీ లేనట్టూ ఉంటుంది మా ఇంట్లో వ్యవహారం.

తిట్టే ముందు ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే కళ్లు పోతాయి. ఆ వాచీ నాకు మేలు చేసింది. రెండేళ్ల కిందట వంటింట్లో కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడ్డాను. మా వాడు భయపడి దీన్ని కొనుక్కొచ్చాడు. కట్టిన కొన్నాళ్లకే నా నాడి తప్పుగా కొట్టుకుంటోందని అది పట్టుకుంది. వేలూరుకు తీసుకుపోతే డాక్టరు అవునన్నాడు, మాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రలతో బాగానే ఉన్నాను. పిండి కలిపే చేతులతో ఫోన్ ముట్టుకోకుండా దానిలోనే మాట్లాడవచ్చు, లోపల సిమ్ ఉంది. మాత్ర వేసుకోమని వేళకు గుర్తు చేస్తుంది. ఇవన్నీ మంచివే. మంచి చేసినవాడు నెత్తినెక్కి కూర్చుంటే ఏం చేయాలన్నదే నా బాధ.

దానికి నా పని ఏమీ తెలియదు. రాగి సంగటి కెలికేటప్పుడు చెయ్యి ఊగుతుంది కదా, నేను నడుస్తున్నానని మెచ్చుకుంటుంది. రెండు చేతులా నీళ్ల బిందెలు పట్టుకుని మిద్దె ఎక్కితే చెయ్యి ఊగదు, కాబట్టి నేను కూర్చున్నట్టే లెక్క. పూజలో కూర్చుంటే లేచి కాస్త తిరగమంటుంది. పట్టీ కింద చర్మం దద్దుర్లు లేచి ఎడమ చెయ్యి గోకి గోకి పుండైతే, కుడి చేతికి మార్చుకోనిచ్చారు తప్ప విప్పనివ్వలేదు మా వాళ్లు.

మా వీధి చివర ఒక పెద్దావిడ పోయింది. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు ఈ ఊళ్లో నీళ్లు ఏ వేళకు వస్తాయో, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో చెప్పిన మనిషి ఆవిడే. శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. మణికట్టు బుర్రుమని అదిరింది. అలవాటుగా చూశాను. కాసేపు ఆగి నిదానంగా ఊపిరి పీల్చుకోమని రాసి ఉంది. తలెత్తేసరికి ఆవిడ కూతురు నా వైపే చూస్తోంది. చావింట్లో వాచీ చూసుకునే మనిషినయ్యాను నేను. ఆ పిల్లకు ఏమని చెప్పను? ఈరోజుకీ ఎదురుపడితే తల తిప్పుకుని పోతుంది. ఆరోజు ఇంటికొచ్చి దాన్ని బియ్యం డబ్బాలో పడేశాను. అరగంటలో మా వాడి ఫోన్. వాచీ ఎందుకు తీసినావు, స్నానానికైతే ఇంతసేపా అని.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మొక్కు దగ్గర వచ్చింది.

వాచీ రావడానికి ముందు ఏడాది మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. మా ఆయన అంటే వేరెవరో కాదు, మా అమ్మకు సొంత తమ్ముడు. నేను పుట్టినప్పుడు ఎత్తుకున్నవాడు, తర్వాత తాళి కట్టినవాడు. వేలూరులో ఆయన్ను లోపలికి తీసుకుపోయి తలుపు మూసినప్పుడు నేను బయట గోడకు ఆనుకుని నిలబడి కొండ మీది స్వామికి మొక్కుకున్నాను. ఈ మనిషిని ఇంటికి పంపించు, అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నడిచి నీ దగ్గరికొస్తాను అని. మా వైపు ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. వంగి, రాసి, బొట్టు పెట్టి, లేచి, మళ్లీ వంగి, అట్లా కొండంతా ఎక్కుతారు. ఆయన ఇంటికొచ్చాడు. గాయం మానేవరకు పక్కనే ఉండాల్సి వచ్చి ఆగాను. ఆ తర్వాత నాకు కళ్లు తిరగడం, వాచీ రావడం. ఇక అక్కడ ఆగిపోయింది నా మొక్కు.

నేను మొక్కు మాట ఎత్తినప్పుడల్లా ఆయన ఫోన్ ఎత్తేవాడు. మొన్న మిద్దె ఎక్కితేనే ఎంత కొట్టుకుందో చూడు అనేవాడు. బస్సులో పోయి దర్శనం చేసుకుంటే స్వామి వద్దంటాడా అని మా వాడు. నీ బదులు నేను ఎక్కుతాను, నువ్వు పైన ఉండు అని కూడా అన్నాడు, పాపం, మంచి మనసుతోనే. ఒకరి ఆకలికి ఇంకొకరు అన్నం తింటారా? వేలూరు డాక్టరును నేనే అడిగాను, వాళ్ల ముందే అడిగాను. ఆగి ఆగి, నిదానంగా ఎక్కవచ్చు అన్నాడు. చదువుకున్న డాక్టరు మాట చెవికెక్కలేదు వాళ్లకు. డాక్టరు ఆరు నెలలకోసారి చూస్తాడంట, వాచీ రోజంతా చూస్తుందంట.

నాకు అన్నిటికంటే మంట పుట్టించింది మా ఆయన. తన ప్రాణం కోసం మొక్కిన మొక్కు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. గాయం మానిపోయింది, చొక్కా గుండీలు పెట్టుకుంటే కనిపించను కూడా కనిపించదు. బాకీ మాత్రం నాది. రాత్రి నిద్ర పట్టిందా అని పొద్దున్నే నన్ను అడిగే మనిషి, ఈమధ్య అడగడం మానేశాడు. నిన్న నీకు నిద్ర సరిగా లేదులే అని ఆయనే నాకు చెబుతాడు.

మొన్న మాఘమాసంలో ఒకరోజు తెల్లవారగానే తలకు పోసుకుని, పసుపు, కుంకుమ, కర్పూరం, ఒక కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని కొండకు పోతున్నానని చెప్పాను. బస్సు దిగినాక ఫోన్ చేయమన్నాడు మా ఆయన. బస్సులో పోతానని నేను చెప్పలేదు. వాచీ విప్పవద్దన్నాడు. విప్పలేదు.

అలిపిరిలో మొదటి మెట్టు దగ్గర జనం, గోవిందలు, గంటలు. కర్పూరం వెలిగించాను. కొబ్బరికాయ ఒకసారి కొడితే పగల్లేదు. మనసు పీకింది. రెండోసారి బలంకొద్దీ కొట్టాను, రెండు చెక్కలై నీళ్లు చింది చీర తడిసింది. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని అట్లాగే చాలాసేపు నిలబడ్డాను. ఎన్నాళ్లుగానో లోపల ఉన్నదంతా చెప్పుకోవాలి కదా. మణికట్టు బుర్రుమంది. నీళ్లు తాగమంటోందో, నడవమంటోందో, నాకు అక్కరలేదు. ఇంకా గట్టిగా అదిరింది, ఏదో కూత కూడా పెట్టినట్టుంది, ఆ గోవిందల్లో ఎవరికి వినబడుతుంది? తర్వాత ఊరుకుంది. నేను పసుపు తీసుకుని మొదటి మెట్టుకు వంగాను.

అది చేసిన పని నాకు తర్వాత తెలిసింది. చెయ్యి దభీమని రాయికి తగిలింది, ఆపైన మనిషి కదలడం లేదు. ఆ రెండూ కలిపి నేను పడిపోయానని తేల్చుకుంది. పడ్డారా అని నన్ను అడిగింది, నేను పలకలేదు. దాంతో నేనున్న చోటు చూపించి మా ఆయనకూ, మా వాడికీ కబురు పంపింది. కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకునే ఊరు ఒకటుందని దాన్ని తయారుచేసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వంగి లేచి, వంగి లేచి నేను ఎన్నో మెట్లు ఎక్కలేదు. వెనక నుంచి మే, మే అని పిలుపు, మా వైపు పెళ్లాన్ని పిలిచే పిలుపు. తిరిగి చూస్తే మా ఆయన. చెప్పుల్లేవు. చొక్కా గుండీలు ఒకటి పెట్టబోయి ఒకటి పెట్టుకున్నాడు. మెట్లెక్కకూడదని డాక్టరు కచ్చితంగా చెప్పిన మనిషి, చెయ్యి ఎదమీద పెట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు. ఈయనకేమైనా అయితే అని భయమేసింది. ఆ వెంటనే అంత కోపమూ వచ్చింది.

నేను ఎదురుగా, నిలువుగా, చేతినిండా పసుపుతో నిలబడి ఉన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, ఫోన్ తీసి దాన్ని చూశాడు.

"పడిపోయినావని వచ్చిండాది" అన్నాడు, రొప్పుతూ.

"పడ్డట్టుండానా?"

"పద మే, ఇంటికి పోదాం. నీ గుండె ఎట్ల కొట్టుకుంటా ఉండాదో సూడు, ఈడ."

నాకు ఇక ఆగలేదు. అంతమందిలో ఆయన మీద గొంతెత్తడం నా జన్మలో అదే మొదటిసారి.

"నేను మొక్కింది నీ గుండెకు మామా. నా గుండెకు కాదు. నా గుండెను సూసి నా మొక్కు ఆపేదానికి నువ్వెవురు?"

పక్కన పోయేవాళ్లు ఆగి చూశారు. నేను వాచీ విప్పాను. ఆయన చెయ్యి పట్టి లాగి, ఆయన మణికట్టుకు కట్టాను. నా పసుపంతా ఆయన చేతికీ, వాచీకీ అంటుకుంది. కట్టీ కట్టకముందే అది బుర్రుమంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటోంది, కూర్చోండి అని. ఇద్దరం చదివాం. ఆయన చెయ్యి పట్టి నిదానంగా కిందికి దించి మండపం అరుగు మీద కూర్చోబెట్టాను, నీళ్లు తాగించాను, రొప్పు తగ్గేవరకు పక్కనే ఉన్నాను. మా వాడు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు. పడలేదు, బాగుండాది అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "పో. నేనీడే ఉంటా. నిదానంగా పో" అన్నాడు.

ఎక్కాను. ఆగినచోట వంగి మళ్లీ మొదలుపెట్టాను. నడుము విరిగిపోయింది, అబద్ధమెందుకు? ఆయాసం వచ్చింది. వచ్చిందని నాకే తెలిసింది, కూర్చున్నాను. పోయిందని నాకే తెలిసింది, లేచాను. గాలిగోపురం దగ్గర చెమట ఆరేవరకు కూర్చుని మజ్జిగ తాగాను. మోకాళ్ల మెట్ల దగ్గర ఒక ముసలావిడ నాతో పాటు ఎక్కింది, నేనావిడ చెయ్యి పట్టుకునో ఆవిడ నా చెయ్యి పట్టుకునో చెప్పలేను. దారంతా ఆయన మీద కోపం పోలేదు. కోపంతో ఎక్కితే మొక్కు చెల్లుతుందా అని ఒకచోట అనుమానం కూడా వచ్చింది. చెల్లకపోతే స్వామినీ అడుగుదాం అనుకుని ఎక్కాను. చివరి మెట్టుకు బొట్టు పెట్టేసరికి పొద్దు వాలింది, భరిణె అడుగున కుంకుమ కాస్తే మిగిలింది.

అప్పుడు సంచిలో నా ఫోన్ మోగింది, మా వాడు. గొంతు భలే సంతోషంగా ఉంది.

"మా, పొద్దున్నించీ సూస్తానే ఉండా. మెట్లెక్కలేదు గదా నువ్వు. ఒక్కచోటే కూసోనుండావు. గుండె ఎంత నిమ్మళంగా ఉండాదో తెలుసా? ఎప్పుడూ ఇట్లనే సెప్పినమాట ఇంటా ఉండల్ల."

నేను చేతుల వైపు చూసుకున్నాను. గోళ్లలో పసుపు, కుడి మణికట్టు చుట్టూ పట్టీ ఒత్తిన తెల్ల గీత. పొద్దుటి నుంచి ఆ అరుగు మీద, చెప్పుల్లేకుండా, ఆ వాచీ కట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషి కళ్లముందు మెదిలాడు.

"అది మీ నాయన గుండె రా" అన్నాను. "దాని కోసరమే నేను కొండెక్కినా."

ఫోన్లు గుడి లోపలికి తీసుకుపోనివ్వరు. దాన్ని కౌంటర్లో ఇచ్చేసి, వట్టి చేతులతో వరుసలో నిలబడ్డాను.