ఫైబర్ సైటుకు బొట్టు

తయారీ కంపెనీ నుంచి వచ్చిన నా పిస్టల్ మీద గురి చూసే ముక్క నల్లగా ఉంటుంది. హైటెక్ సిటీ ఉద్యోగాల జోరు రోజులవి. పొద్దస్తమానం కంప్యూటర్ చూసిన నా కళ్లకు నల్లటి టార్గెట్ ముందు ఆ నల్ల ముక్క ఆనేది కాదు. అందుకే షూటింగ్ పోటీలకు ముందు దాన్ని ఊడదీసి, చివర ఎర్రచుక్కలా మెరిసే ఫైబర్ సైటు బిగించాను. ఆకురాయితో రుద్ది గాడిలో కూర్చోబెట్టి, మొయినాబాద్ రేంజిలో గురి కుదుర్చుకునేసరికి మూడు ఆదివారాలు పోయాయి.

దసరా నాడు చేవెళ్ల దగ్గర మా ఇంట్లో ట్రాక్టర్, కొడవళ్ల పక్కన పిస్టల్‌నూ పూజకు పెట్టాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. ఖాళీదేనని రెండుసార్లు చూసి పెట్టి, స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి సరిగ్గా ఆ ఎర్రచుక్క మీదే అమ్మ తడి కుంకుమతో పెట్టిన ఇంత బొట్టు!

"అవ్వా, నాకు కనబడాల్సిందే గది! ఇంకెక్కడ జాగ దొరకలేదా?"

"ట్రాక్టరుకు ముందట పెట్టిన, దీనికి గూడ ముందటనే పెట్టిన. ఎనుకకు పెడ్తరా ఎవలన్న?"

గుడ్డతో తుడిస్తే మరక పోలేదు. ఒళ్లు మండి, నా భార్య గోళ్లరంగు తుడిచే మందు దూదికి అద్ది గట్టిగా రుద్దాను. కుంకుమ పోయింది. దాంతోపాటే ప్లాస్టిక్ కరిగి, చుక్క పొరకమ్మిన కన్నులా తెల్లబోయింది.

"సూడు, నీ బొట్టుతోని నా మూడు ఐతారాలు గంగల కలిసినయ్!" అని అరిచాను.

అమ్మ వంగి, తీరిగ్గా చూసింది.

"నేను పెట్టినప్పుడు ఎర్రగనే ఉండె బిడ్డా. నువ్వు తుడిచినంకనే గుడ్డిదైంది."