ఊళ్లో లేనివాళ్ల జాబితా

కొడిమ్యాలలో మా జిరాక్స్ షాపు ముందు మూడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. రెండు గిరాకీకి, ఒకటి వెంకటి మామకు. ఆ మూడోది నేనిచ్చింది కాదు, ఆయనే తీసుకున్నాడు. మోకాళ్లు అరిగి కల్లు గీతకు తాళ్లెక్కడం మానేసినప్పటి నుంచీ పొద్దున పదింటికల్లా చంకలో ప్లాస్టిక్ కవరుతో వచ్చి కూర్చుంటాడు. ఎవరికైనా కాళ్లు పీకి కూర్చోబోతే, "గది నా కుర్సీ" అంటాడు. షాపు నాది, కుర్చీ ఆయనది. ఎన్నిసార్లు ఒళ్లు మండిందో నాకే తెలియదు.

ఆయన మీద ఎందుకు అరవనంటే, పని తెలిసినవాడు. పాస్‌పోర్టు పోయినా, బండి పోయినా, ఇన్సూరెన్సుకు ఎఫ్‌ఐఆర్ కాపీ కావాలన్నా మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆయనే దిక్కు. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి పాఠం చెబుతాడు.

"కేసు కాయితం కావాలె అంటె ఎవ్వలియ్యరు. తారీఖు జెప్పాలె, జాగ జెప్పాలె, పేరు జెప్పాలె. గవి ఉంటె నంబర్ దొరుకుతది. నంబర్ దొరికిందంటె కాయితం దొరికినట్టె. దరఖాస్తు రెండు కాపీలు తియ్యి. ఒకటి ఆళ్లకియ్యి, ఇంకోదాని మీద ముద్ర ఏయించుకొని నీ దగ్గర పెట్టుకో. ముద్ర లేకుంటె నువ్వు ఠాణకు పోనట్టే."

అక్కడ పని కాకపోతే సమాచార హక్కు కింద జగిత్యాలకు దరఖాస్తు. కేసు కోర్టుకు పోయి ఉంటే వకీలును పెట్టుకుని సర్టిఫైడ్ కాపీ. ఈ వరుస విని విని నాకు నోటికి వచ్చేసింది. మా ఎదురుగా మిర్చి బజ్జీలు వేసే ఆమెకు కూడా వచ్చు.

అలాంటి మనిషికి ఈ ఎండాకాలం ఒక్క కాయితం దొరకలేదు. అదీ సొంత అల్లుడిది.

కరుణాకర్ ఆయన చెల్లెలి కొడుకు. బిడ్డ జ్యోతిని అతనికే ఇచ్చాడు. పన్నెండేళ్లుగా దుబాయిలో డ్రైవరు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి, వచ్చిన బంధువులకు టీలు పోసేలోపు సెలవు అయిపోయేది. ఈసారి ఖతర్‌లో మంచి ఉద్యోగం కుదిరింది. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ నెలలోపల పంపాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అప్లై చేస్తే తిరిగొచ్చింది. 2014లో ఇతని మీద కేసు ఉందట, అప్పటి నుంచీ పరారీలో ఉన్నాడట. 

"నేను పరారీల ఉన్ననా?" అన్నాడు కరుణాకర్ మా షాపులో నిలబడి. "మామా, నేను కోడిని గూడ కొట్టలె గదనే!"

"నేను జూస్త తియ్యి" అన్నాడు వెంకటి మామ. అని, ఎందుకో ఆ రోజు పాఠం చెప్పలేదు.

మొదట అల్లుణ్ని సిరిసిల్ల తీసుకుపోయాడు. "ఫిర్యాదు ఇచ్చినోడు బోయినపల్లోడు. జిల్లాలు ఇరిగినప్పుడు ఫైలు గా దిక్కు పోయి ఉంటది" అన్నాడు. ఏ కేసో తెలియని మనిషికి ఫిర్యాదు ఇచ్చినవాడి ఊరు ఎలా తెలిసిందని నాకు అనుమానం వచ్చింది. గిరాకీ మీద పడి మర్చిపోయాను. సిరిసిల్లలో నాలుగు రోజులు తిరిగి, అక్కడ లేదనిపించుకుని వచ్చారు. తర్వాత కోరుట్ల. అప్పట్లో ఠాణాలో రాతపని చేసిన ఆయన రిటైరై అక్కడ ఇల్లు కట్టుకున్నాడట, ఆయనకే తెలుస్తుందట. రెండుసార్లు పోయారు. రెండుసార్లూ తాళం. ఎవరి ఇంటికైనా పోయి తాళం చూసి అంత కులాసాగా తిరిగొచ్చిన మనిషిని నేను ఆయననే చూశాను.

అట్లా సగం నెల పోయింది. కరుణాకర్ ఫోన్ చూసుకోవడం, మొహం తిప్పుకోవడం. సాయమ్మ అత్త మొగుణ్ని, "ఊరందరి కాయితాలు దెచ్చినవ్, మనింటిది తేవా?" అని రోజూ తిడుతోంది.

అప్పుడు జ్యోతి వచ్చింది. మామ మూడో కుర్చీలోనే ఉన్నాడు. ఆమె ఆయన్ని చూడనట్టే నా దగ్గరికొచ్చి, "లావణ్యక్కా, దరఖాస్తు టైప్ జెయ్యి" అంది. 

"తారీఖు?"

"పద్నాలుగుల ఎల్లమ్మ పట్నాల పండుగ దినం. గా యేడు మనూర్లె అదొక్కటే లొల్లి అయింది. జాగ, ఎల్లమ్మ గుడి ముందట. ఫిర్యాదు ఇచ్చింది డీజే నరేశ్, బోయినపల్లి. బండి మీద రాళ్లు పడ్డయి గద. మా ఆయన పేరు గూడ రాయి. రెండు కాపీలు తియ్యి."

తండ్రి పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. వెంకటి మామ కుర్చీలో కదిలాడు.

"ఎండ బాగ గొడుతున్నది బిడ్డ. ఎల్లుండి నేనే పోత."

"నీకెందుకు బాపూ, మోకాళ్ల నొప్పులు" అని ఆమె వెళ్లిపోయింది.

ఠాణాలో లేడీ కానిస్టేబుల్ కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంటలో నంబర్ చెప్పిందట. కేసు అప్పట్లోనే కోర్టుకు పోయిందట. జగిత్యాలలో వకీలు కాపీకి దరఖాస్తు పెడితే నాలుగో రోజు చార్జిషీటు చేతికొచ్చింది. 

జ్యోతి, కరుణాకర్, వెంట మామ, ముగ్గురూ దాన్ని మా షాపుకే తెచ్చారు. చదవమన్నారు, చదివాను. పట్నాల రోజు డీజే బండి అద్దం పగిలింది, రెండు పెద్ద సౌండు డబ్బాలు పాడయ్యాయి. రాళ్లు వేసినవారు ఐదుగురు. మొదటి పేరు చదివి ఆగాను. ఆ మనిషి ఆ ఏడాది మస్కట్‌లో ఉన్నాడు. రెండో పేరు కరుణాకర్. మూడోవాడు కువైట్. మిగిలిన ఇద్దరు దుబాయి. ఊళ్లో లేనివాళ్లను ఏరి ఏరి రాసినట్టుంది. కింద సాక్షి వాంగ్మూలం. వీళ్లు రాళ్లు వేయడం కళ్లారా చూశానని గీత సంఘం అధ్యక్షుడు చెప్పాడు. సంతకం, వెంకటి. 

జ్యోతి తండ్రి వైపు తిరిగింది.

"ఠాణోళ్లు పేర్లు అడిగిండ్రు" అన్నాడు వెంకటి మామ, కవరు కేసి చూస్తూ. "ఊర్లె ఉన్నోళ్ల పేర్లిస్తె పట్టుకపోతరు. దుబాయిల ఉన్నోళ్లను ఎవలు పట్టుకపోతరు? ఆళ్లకేం గాదు, మనకేం గాదు అనుకున్న. సంఘం అంత నా తెలివిని మెచ్చుకున్నది."

"మరి రాళ్లు ఏసిందెవలు బాపూ?"

"మొదటిది నేనే ఏసిన. పట్నాలేసి చెప్పే ఎల్లమ్మ కథ ఇననిస్తలేడు గా డీజేతోని" అన్నాడు.

జ్యోతి కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వు మింగేశాను. గడువు ఇంకా పది రోజులుంది.

"లావణ్యా, టైప్ జెయ్యి" అన్నాడు మామ. తారీఖు చెప్పాడు. జాగ చెప్పాడు. ఆఖరికి పేరు చెప్పాడు. "నా పేరు రాయి. నేనే ఏసిన, అల్లుడు ఊర్లె లేడు అని రాయి. రెండు కాపీలు తియ్యి."

ఎన్ని వందల దరఖాస్తులు చెప్పి రాయించాడో, తనమీద తను రాయించుకున్నది అదొక్కటే. ఠాణాలో ముద్ర కూడా వేయించుకున్నాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. దానికి కరుణాకర్ పాస్‌పోర్టులో దుబాయి ముద్రల జిరాక్స్ జోడించాం. నరేశ్ డీజే ఎప్పుడో అమ్మేసి మేకలు పెంచుకుంటున్నాడు. కబురు పెడితే, "గా లొల్లి ఇంక నడుస్తనే ఉన్నదా?" అని నవ్వి జగిత్యాల లోక్ అదాలత్‌కు వచ్చాడు. జడ్జి గారు వెంకటి మామను అందరి ముందూ గట్టిగానే మందలించి, రాజీ రాయించి కేసు మూసేశారట. చేతులు కట్టుకుని నిలబడ్డాడట. గడువు ఒక్క రోజు ఉందనగా సర్టిఫికెట్ వచ్చింది. 

ప్రయాణం ముందురోజు కరుణాకర్ కాయితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. మామ కుర్చీలో ఉన్నాడు గానీ తల ఎత్తలేదు. ఆ పదిరోజులూ సాయమ్మ అత్త ఆయనకు అన్నం పెట్టింది తప్ప మాట్లాడలేదు.

"అక్కా, గా చార్జిషీటు గూడ ఒక కాపీ తియ్యి" అన్నాడు కరుణాకర్. 

"ఒడిసిన కేసు కాయితం నీకెందుకు తమ్మీ?"

"దగ్గర పెట్టుకుంట" అని నవ్వాడు. "పన్నెండేండ్లల్ల ఒక్క పట్నాలకు గూడ నేను ఊర్లె లేనక్కా. గీ కాయితం ఒక్కదాంట్లనే ఊర్లె ఉన్న."

అతను నవ్వుతూనే ఉన్నాడు. నేను నవ్వలేకపోయాను.

వెంకటి మామ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. కుర్చీని కండువాతో తుడిచి, "కూసో అల్లుడా" అన్నాడు.

కరుణాకర్ కూర్చున్నాడు. నేను కాపీ తీశాను.