అక్క తీగలు మార్చిన వారం

మా అక్కకు ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు పుట్టుకతోనే లేదు. ఆ వారమైతే మరీ కాలుగాలిన పిల్లి అయిపోయింది. చూసి చూసి నాకే కళ్లు తిరిగాయి.

మా ఇంట్లో బావ లూట్‌లు తయారుచేస్తారు. గుమ్మడికాయను నిలువునా చీల్చి మెడ తగిలించినట్టుండే తీగల వాయిద్యం అది. దేనికి ఎంత లావు తీగ కట్టాలో ఎంచడం అక్క పని. చిన్న లూట్ నేను వాయిస్తాను, మధ్యది అక్క, పెద్దది బావ. పాట మా పిల్లది. మా పిల్ల అంటే అక్క కూతురే. ఎత్తుకుని తిప్పిన చేతులు నావి, నా పిల్లే అంటాను, ఎవరేమనుకుంటే నాకేం!

ఆ పిల్లకు గొంతు ఆపరేషన్ అయింది. ఏడాదిగా నలుగురి ముందు నోరు విప్పలేదు. ఆదివారం టౌన్‌హాల్లో పాడతానని తనంతట తనే ఒప్పుకుంది. ఈసారి గొంతు పెగలకపోతే ఇక జన్మలో పాడనని కూడా తనే చెప్పింది.

"ఏ శ్రుతిలో పాడతావే?" అని అక్క అడిగింది.

"ఎప్పటిలాగే. ఐదు" అని తలుపేసుకుంది.

ఐదట! అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెక్కాలి. వంటింట్లో కూనిరాగం తీస్తేనే గొంతు నాలుగు దాటడం లేదు, మేమందరం విన్నాం. ఆ మాట దాని ముఖం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

శ్రుతి దించాలంటే తీగ బిగించే బిరడా కాస్త వదులుచేస్తే పోదా అంటారేమో. వదులైన తీగ మోగదు, గరగరమంటుంది. దించినప్పుడు లావు తీగ కట్టాలి. లావుది కట్టాక మళ్లీ పైకి బిగిస్తే పైపలకే ఊడి వస్తుంది. మూడింటికీ ఒకే లెక్క కుదరదు కూడా. పెద్దదాని పొడుగు మెడ మీద బిగువుగా నిలిచే తీగ చిన్నదాని మీద బట్టలారేసే తాడులా వేలాడుతుంది. పైగా కొత్త తీగ సాగి నిలకడకు రావాలంటే రోజులు పడతాయి. అందుకే శ్రుతి ముందే తేల్చుకోవాలి.

అక్క తేల్చుకుంది. పిల్లకు చెప్పకుండా రోజుకు కాస్త దించేస్తుందట!

"ఏమే, దానికి తెలుస్తుందంటావా?" అంది లావు కొలిచే స్క్రూగేజిలో తీగ బిగిస్తూ.

"తెలీకపోవడానికి అదేమన్నా పక్కింటి పిల్లా? ఈ తీగల మధ్యే పాకింది."

"కొంచెం కొంచెంగా దించితే తెలీదులే."

"నీ మొహం!"

"అయితే నువ్వెళ్లి చెప్పు. నీ గొంతు పడిపోయిందే అని చెప్పు. చెప్పగలవా?"

నేను లేచి పనిగదిలోకి వెళ్లాను. బావనడిగితే, "మీ అక్కాచెల్లెళ్ల గొడవలోకి నన్ను లాగకండి తల్లీ" అని, నున్నగా ఉన్న చెక్కనే మళ్లీ గీకుతూ కూర్చున్నారు.

పిల్ల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా అక్క పని మొదలయ్యేది. ఒక తీగ విప్పడం, ఒక పిసరు లావుది కట్టడం, గుమ్మంలోకి వెళ్లి వీధి చూడడం, వచ్చి కొలిచినదే మళ్లీ కొలవడం. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. పిల్ల సరిచూసుకుంటుందేమోనని శ్రుతిపెట్టెను మాసిన బట్టల కింద దాచింది. మహాతల్లి, ఆపకుండా దాచింది! బట్టలమూట లోంచి రొద వస్తుంటే నేను పరుగున వెళ్లి దాన్ని ఆపాను. ఇంకా నయం, పిల్ల అప్పటికి వీధి మలుపులోనే ఉంది.

శనివారానికి మూడు లూట్‌లూ నాలుగో శ్రుతిలోకి దిగాయి. సాయంత్రం బావ పనిగదిలో చెక్కపొట్టు ఊడ్చి కూర్చున్నాం. పిల్ల నిలబడి అందుకుంది. మొదటి వరుస బాగానే వచ్చింది. పైకెళ్లే చోట గొంతు జీరబోయి ఆగిపోయింది. పిల్ల వచ్చి నా ఒళ్లోంచి లూట్ తీసుకుని, పైతీగను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నేనే మార్చాను" అంది అక్క. "నన్ను తిట్టుకో, కొట్టు కావాలంటే. పాట మాత్రం మానకే!"

"మొదటిరోజు మీరు వాయిస్తుంటేనే తెలిసిందమ్మా. ఎక్కడ ఆగుతావో చూద్దామని ఊరుకున్నా."

"నాలుగు దగ్గర ఆగాను."

"చాల్లేదు. మూడుకి దించమ్మా. నా గొంతు ఇప్పుడు అక్కడుంది."

ఆపరేషన్ అయ్యాక ఆ పిల్ల ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. అక్కకు ఏడవడానికి తీరికేదీ? చిన్నదానికి అంత లావు తీగలు ఇంట్లో లేవు. మధ్యదానివి విప్పి చిన్నదానికి కట్టింది, పెద్దదానికని ఉంచినవి మధ్యదానికి బిగించింది. బావ ఉన్న తీగలతోనే సర్దుకుంటానన్నారు.

మర్నాడు హాల్లో కొత్తగా కట్టిన తీగలు అనుకున్నట్టే మా పరువు తీశాయి. పాట పాటకూ సాగి దిగిపోవడం, మేం ఆగి బిరడాలు తిప్పుకోవడం. జనం గుసగుసలు మొదలెట్టారు. పిల్ల మాత్రం వేదిక ముందుకు వచ్చి మూడులో 'స' అందుకుంది. మేం ముగ్గురం ఆ గొంతుకు తీగలు కలుపుకునేదాకా, నలుగురి ముందూ దాన్ని వదలకుండా పట్టుకుని నిలబడింది.