లస్కరుగారి మనవరాలి తలంటు

నా చిన్నప్పుడు బందరులో మా ఇంటికి చుట్టాలొస్తే రెండు రకాల నీళ్ళు చూపించేవాళ్ళం. తాగడానికి కుళాయి నీళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికి చేతిపంపు నీళ్ళు. కుళాయిలో వచ్చేవి కాలువ నీళ్ళు. చేతిపంపువి ఉప్పునీళ్ళు. సముద్రం పక్క ఊరు కదా, పెరట్లో ఎక్కడ తవ్వినా ఉప్పే. ఆ నీళ్ళతో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. తలంటుకుంటే జుట్టు జిగురుపట్టి కొబ్బరిపీచులా తయారవుతుంది, దువ్వెన దిగదు. అందుకని తలంటు రోజున అమ్మ చివర్లో రెండు చెంబులు కుళాయి నీళ్ళు పోసేది. ఆ రెండు చెంబులూ నాకు పండగలా ఉండేవి.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఎండలు ముదరకముందే కాలువ కట్టేశారు. ఊరి మంచినీళ్ళ చెరువులో అడుగు కనిపించడం మొదలైంది. కుళాయి రెండు రోజులకొకసారి, సాయంత్రం నాలుగింటికి, అరగంట మాత్రమే వచ్చేది. మా వీధిలో పదకొండు ఇళ్ళు. గొట్టం పెద్దరోడ్డు నుంచి తిరిగి ముందు మా ఇంటికి వస్తుంది, అక్కణ్ణుంచి వరసగా చివరింటికి వెళ్ళి ఆగిపోతుంది. పైన ఉన్నవాళ్ళం కుళాయిలు తిప్పితే కింది నాలుగిళ్ళకీ గాలి తప్ప ఇంకేమీ రాదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ ఎవరి బిందెలు వాళ్ళం నింపుకునేవాళ్ళం.

చివరింట్లో ఒక అక్క ఉండేది. పుట్టింట్లో చూసేవాళ్ళెవరూ లేక అక్కడే పురుడు పోసుకుంది. అప్పటికి పాపకి ఇంకా నెల నిండలేదు. వాళ్ళాయన పెడనలో కలంకారీ పనివాడు. అద్దిన గుడ్డల్ని పారే నీళ్ళలో ఉతకాలి, కాలువేమో ఎండిపోయింది. దాంతో ఆ పనివాళ్ళంతా గుడ్డల మూటలు కట్టుకుని తోట్లవల్లూరు వైపు కృష్ణ ఒడ్డుకి పోయేవాళ్ళు. ఆయన వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఆ అక్క పచ్చి బాలింత. పాపకి స్నానానికీ, తను తాగడానికీ బిందె పట్టుకుని వీధి పైకి నడిచి వచ్చేది.

మా తాతయ్య కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరుగుతూ ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి వెళ్తున్నాయో లేదో చూడడం లస్కరు పని. నీళ్ళు తక్కువైన ఏడాది, కాలువ చివరనుండే శివారు పొలాలకి ముందు ఇచ్చి, తర్వాత పైవాళ్ళు పెట్టుకోవాలని ఆయన పట్టుదల. దానికోసం దివిసీమలో పెద్ద పెద్ద రైతులతో తగాదాలు పెట్టుకున్నాడట. అక్కకి కళ్ళు తిరిగి మా గుమ్మం ముందు బిందెతో సహా కూలబడిన రోజున, మా వీధికీ అదే పద్ధతి పెట్టాలని తాతయ్యకి తోచింది.

ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. కుళాయి వచ్చే వేళకి పైన మిగిలిన ఆరిళ్ళకీ వెళ్ళి, ఒక్కొక్కళ్ళనీ చివరింటికి రమ్మని బతిమాలాడు. "నేను మున్సిపాలిటీ మనిషిని కాదండీ. వచ్చి ఆ కుళాయి కింద ఒక్క నిమిషం చెయ్యి పెట్టి చూడండి, అంతకంటే ఏమీ అడగను" అనేవాడు. వాళ్ళ ఇంట్లో కుళాయి ధారగా పోతూ ఉంటే, వాళ్ళు అక్కడ ఖాళీ కుళాయి కింద చెయ్యి చాచి నిలబడేవాళ్ళు. బుస్సుమని గాలి వచ్చేది. మూడో ఇంటి మామ్మ మాత్రం "నా కుళాయి నా ఇష్టం, లస్కరుగిరీ కాలువ మీద చేసుకోండి" అని నిప్పులు చెరిగింది. కుళాయి ఇంకో రెండుసార్లు వచ్చిపోయాక తనంతట తనే వెళ్ళి చెయ్యి పెట్టి చూసి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ కుళాయి కూడా ఆగింది. వీధి పెట్టుకున్న కట్టు ఇదీ: మొదటి పావుగంట పైవాళ్ళెవరూ తిప్పకూడదు. కింది నాలుగిళ్ళూ నిండాక అక్క పళ్ళెం మీద గరిటెతో కొడుతుంది. అప్పుడు మేం పట్టుకోవాలి. కుళాయిలకి తాళాలు లేవు, చూసేవాళ్ళు లేరు. మాట మీద నడిచింది.

నాకు గర్వం నెత్తికెక్కింది. వీధిలో పిల్లల్ని పోగేసి, మీ అమ్మ ముందే తిప్పలేదు కదా అని ఆరాలు తీసేదాన్ని. ఎవరైనా ముఖం కడుక్కుంటే అవి ఏ నీళ్ళని అడిగేదాన్ని. పదేళ్ళ పిల్లకి అంత పెత్తనం ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఒక ఆదివారం పిల్లల కార్యక్రమంలో నేను అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యాలు అప్పజెప్పాలి. అంతకు ముందురోజు శనివారం, కుళాయి వచ్చే రోజు. అమ్మా నాన్నా గుడివాడలో పెళ్ళికి వెళ్ళారు. తాతయ్య ఎప్పటిలాగే నాలుగింటికి చివరింటి దగ్గరికి వెళ్ళాడు. నేను అద్దంలో చూసుకున్నాను. రెండు నెలలుగా ఉప్పునీళ్ళ తలంటు, జుట్టు అట్టలు కట్టి నెత్తికి అంటుకుని ఉంది. ఆ తలతో అందరి ముందూ నిలబడాలంటే ఏడుపొచ్చింది. పొద్దున్నే నానబెట్టిన కుంకుడుకాయలు సిద్ధంగా ఉన్నాయి. అంటే, నేను ఆ క్షణంలో అనుకుని చేసింది కాదు. పొద్దుటినుంచీ అనుకునే ఉన్నాను.

పెరటి కుళాయి ముందు సన్నగా తిప్పాను. దారమంత ధారకి ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కళ్ళల్లో కుంకుడు రసం పడేసరికి పూర్తిగా తిప్పేశాను. మంట తగ్గినా కట్టలేదు. నీళ్ళు మెత్తగా జారుతుంటే, తెల్లటి నురగ పాదాల మీంచి పోతుంటే, అంత హాయిగా ఉందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ సంతోషంలో పళ్ళెం చప్పుడు ఇంకా వినబడలేదన్న సంగతే నాకు పట్టలేదు.

పళ్ళెం ఆ రోజు మోగనే లేదు. అక్కకి అర బిందె నిండేసరికి ధార ఆగిపోయిందట. తాతయ్య వీధిలోకి వచ్చి పై ఇళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడట. అరగంట అయిపోయింది. జనం పోగయ్యారు. ఎవరో మూడో ఇంటి మామ్మ వాకిలి తడిగా ఉందని చూపించారు. ఆవిడ అప్పుడే చేతిపంపు నీళ్ళు చల్లుకుంది. చెప్తే ఒక్కళ్ళూ నమ్మలేదు. అంతకుముందు నోరు పారేసుకున్న మనిషి కదా. "దేవుడి తోడు, నేను తిప్పలేదు, కావాలంటే రుచి చూడండి" అని ఆవిడ అరుస్తుంటే, నేను తలకి తువ్వాలు చుట్టుకుని కిటికీ పక్కన గోడకి ఆనుకుని విన్నాను. బయటికి వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాను.

తాతయ్య ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పెరటి మురుగుకాలవలో నురగ ఇంకా ఉంది. ఉప్పునీళ్ళకి అంత నురగ రాదు. చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నన్ను పిలవలేదు, ఏమీ అడగలేదు. వంటింట్లో దాచిన రెండు బిందెల మంచినీళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి భుజాన పెట్టుకుని చివరింటికి మోసుకెళ్ళాడు. ఆ పూట మా ఇంట్లో అన్నం ఉప్పునీళ్ళతో వండాడు. నేను తినలేకపోయాను. ఆయన తిన్నాడు.

మర్నాడు చర్చిలో నా పేరు పిలిచారు. ముందుకు వెళ్ళి జనం వైపు తిరిగాను. ఆడవాళ్ళ వరసల్లో తలలన్నీ కనిపించాయి. ఒక్కరి జుట్టూ కదలడం లేదు. అందరివీ ఉప్పునీళ్ళకి బిగిసి, నూనె రాసి నొక్కి దువ్వుకున్న తలలే. కిటికీలోంచి గాలి వచ్చి నా జుట్టు ఒక్కదాన్నే ఎగరేసింది. మెరుస్తూ, మెత్తగా, ఎక్కడివి ఆ నీళ్ళని చంటిపిల్లాడు కూడా చెప్పగలిగేలా ఎగిరింది. బందరులో పుట్టి పెరిగి ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. మూడో ఇంటి మామ్మదీ మా చర్చే, రెండో వరసలో కూర్చుని నా తల వైపే చూస్తోంది. తల కొట్టేసినట్టయింది. ఒక్క వాక్యమూ గుర్తురాలేదు.

ఆరాధన అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా జుట్టు వేళ్ళతో పట్టుకుని చూసి, "ఎంత మెత్తగా ఉందే పిల్లా! నా తల మీద మంచినీళ్ళు పడి మూడు నెలలైంది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తాతయ్య అక్కడే, అందరూ చూస్తుండగా ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగాడు. "నిన్న కుళాయి తిప్పింది మా ఇంట్లోనండీ. మామ్మగారి తప్పేం లేదు" అని చెప్పేవాడు. చెప్పి వెంటనే కదిలేవాడు కాదు. కాసేపు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం ఎందుకో మొదటి గుమ్మం దగ్గరే నాకు అర్థమైంది. ఆయన నా పేరు చెప్పడు, నేనే చెప్పాలి. పది గుమ్మాల దగ్గర పదిసార్లు ఆగాడు. పదిసార్లూ నేను నా కాళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాను. చివరింటి అక్క "పోనీలెండి బాబాయిగారూ, మీరు నీళ్ళు తెచ్చారుగా" అని, పాపని కాసేపు ఎత్తుకోమని నా చేతుల్లో పెట్టబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

రెండో ఇంటాయన మాత్రం వదల్లేదు. "లస్కరుగారింట్లోనే తిప్పుతుంటే మేమెందుకు ఆగాలండీ?" అన్నాడు. తాతయ్య వాదించలేదు. "న్యాయమే. ఇకనుంచి మా ఇల్లు అందరికంటే ఆఖరు. మిగిలితే పట్టుకుంటాం" అన్నాడు. సోమవారం నాలుగయింది. కట్టు తెగిపోతుందని, అక్కకి మళ్ళీ గాలే వస్తుందని, అదంతా నా వల్లేనని నేను భయపడుతూ గుమ్మంలో కూర్చున్నాను. పావుగంట కాకుండానే పళ్ళెం మోగింది. మూడో ఇంటి మామ్మతో సహా పైవాళ్ళెవరూ అప్పటిదాకా తిప్పలేదు. మాకు ఆ రోజు ఒక్క బిందె దొరికింది. కాలువకి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా మేం ఆఖరునే పట్టుకున్నాం. తాతయ్య ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. నేను చెబుతానని ఎదురుచూశాడేమో. ఆయన పోయేనాటికీ చెప్పలేదు.

ఇప్పుడు గుడివాడలో అపార్టుమెంటులో ఉంటున్నాను. ఈ ఏడూ వానలు లేవు. ఎవరికి వాళ్ళు వాడకం తగ్గించుకోమని చెప్పడానికి మొన్న మేడ మీద అందరినీ సమావేశపరిచారు. పెద్దదాన్ని, పైగా లస్కరుగారి మనవరాలిని కదా, నన్ను మాట్లాడమన్నారు. మా తాతయ్య సంగతి చెప్పాను. ఖాళీ కుళాయి కింద చెయ్యి పెట్టించడం, పళ్ళెం మోగడం, ఆయన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి తప్పు ఒప్పుకోవడం, అన్నీ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. రోజు మార్చి రోజు మోటారు వెయ్యడానికి ఒప్పుకున్నారు కూడా. నాలుగో అంతస్తులో అద్దెకున్న అమ్మాయి కుతూహలంగా అడిగింది, "ఇంతకీ మీ ఇంట్లో ఎవరండీ తిప్పింది?"

"ఎవరో అమ్మా, గుర్తులేదు" అన్నాను.

అది జరిగి యాభై ఏళ్ళు దాటినా నా నోట్లోంచి వచ్చిన మాట అదీ. ఆ అమ్మాయి నమ్మేసి వెళ్ళిపోయింది. తాతయ్య ఆగినట్టు నా కోసం ఆగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆ రాత్రి నిద్ర పట్టక ఇది రాయడం మొదలుపెట్టాను. రేపు నాలుగో అంతస్తుకి వెళ్ళి ఆ అమ్మాయి తలుపు కొట్టాలి. మోకాళ్ళ నొప్పులని, ఎండని రెండు రోజులుగా వాయిదా వేస్తున్నాను.